శిలాఫలకానికి సరిపడని సాఫ్ట్‌వేర్

ఒక పెద్ద అడవిలో మడుగు చిన్నది, దాని మీద ఆఫీసు మాత్రం పెద్దది. ఎండాకాలం ఎవరికి నీళ్లివ్వాలో అక్కడి కంప్యూటరే చెప్పేది. అందులో పేరుంటే గేటు తెరుచుకుంటుంది, లేకపోతే లేదు. ఆ 'నీటివాటా' సాఫ్ట్‌వేర్‌ని ఎప్పుడో ఒక గబ్బిలం రాసిపెట్టి ఎటో ఎగిరిపోయింది. పాతదే అయినా శుభ్రంగా పనిచేసేది.

పనిచేసేదాన్ని చూస్తే ఓర్వలేనివాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఇక్కడ సలహాదారు నక్క ఉంది.

"ప్రభూ, లోకం నవ్వుతోంది. కొత్త సర్వర్ తెప్పిద్దాం. దాని మీద లినక్స్, కొత్త డేటాబేస్. అన్నీ సరికొత్తవే" అంది.

సింహం మురిసిపోయింది. పని మొదలుకాకముందే శిలాఫలకం చెక్కించింది: 'అన్నీ కొత్త వెర్షన్లే. ప్రారంభం, మృగరాజు.'

తీరా నీటివాటాని కొత్త సర్వర్‌లోకి ఎక్కించబోతే అది మొరాయించింది. కంప్యూటర్ దగ్గర కూర్చునే ఎలుగుబంటి తెర మీదున్నది చదివి చెప్పింది.

"సార్, దీనికి ఈ డేటాబేస్ పడదట, పాత వెర్షనే కావాలట. పాతదాన్ని కూడా ఇందులోనే విడిగా పెట్టుకోవచ్చట."

"శిలాఫలకం మీద ఏముందయ్యా?" అంది నక్క.

"అన్నీ కొత్తవే అనుంది సార్."

"మరి పాతదాన్ని ఎక్కడ పెడతావు, ప్రభువు నెత్తిన? సాఫ్ట్‌వేర్‌లో వెర్షన్ అడిగే ఆ నాలుగు ముక్కలూ పీకెయ్. అడిగే నోరు లేకపోతే అదే ఊరుకుంటుంది."

ఎలుగు పీకేసింది. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనకుండా ఎక్కింది. ముహూర్తం దాటిపోతోందని, నకలైనా తీయకుండా పాత సమాచారాన్ని కొత్త డేటాబేస్‌లోకి మార్చి, పాత మిషన్లో ఉన్నదంతా తుడిచేశారు. సింహం రిబ్బన్ కత్తిరించింది. కోతులు చప్పట్లు కొట్టాయి. వాటికి అదే ఉద్యోగం.

మర్నాడు జింక పిల్లను వెంటబెట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. పిల్ల నాలుక పిడచకట్టుకుపోయింది.

"నీ పేరు లేదమ్మా" అంది ఎలుగు.

"నిన్నటిదాకా ఉంది కదయ్యా."

"పుట్టిన తేదీ తెలియనివాళ్లకి సున్నాలు పెడితే పాత డేటాబేస్ ఒప్పుకునేది. కొత్తది సున్నాలున్నవాళ్లందర్నీ తోసేసింది."

"నేను పుట్టింది ఇప్పపూలు రాలేటప్పుడు. వీడు పుట్టింది తొలకరికి. అడవిలో ఇంతకన్నా తేదీ ఎవరికుంటుంది?"

"తొలకరి ఆ గడిలో పట్టదమ్మా."

నిజానికి తేదీ ఉన్నవాళ్లు ఇద్దరే. సింహం ఏటా జన్మదినోత్సవం జరిపించుకుంటుంది. నక్క ఉద్యోగం కోసం ఒకటి కల్పించుకుంది.

సంగతి సింహం చెవిన పడింది. "పాతదే మళ్లీ పెట్టెయ్" అంది.

"కుదరదు ప్రభూ. కొత్తదానిలోకి మారిన సమాచారం పాతదానికి అర్థం కాదు. అయినా నష్టమేముంది? తోపులాట లేదు. పేరున్న ప్రతి ఒక్కరికీ నీళ్లందుతున్నాయి, నూటికి నూరు శాతం" అంది నక్క.

సింహం ఆ లెక్కకి తృప్తిపడి పడుకుంది. చెప్పిన నక్క మీదకన్నా, నమ్మిన ఆ జూలు మీదే నాకు ఒళ్లు మండుతుంది.

జింక ఇంక అక్కడ నిలబడలేదు. పిల్లను మూతితో నెట్టుకుంటూ ఎండిన వాగు దాటి అవతలి అడవికి నడిచింది. అక్కడి నీటిగుంట దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. పిల్ల కడుపునిండా తాగింది. కబురు విని కుందేళ్లు, దుప్పులు, అడవిపందులు, ఆఖరికి కోతులూ అటే పోయాయి. తన తేదీ కూడా సున్నాలేనని గుర్తొచ్చి ఎలుగు వాటి వెనకే నడిచింది.

అడవిలో వేట కరువైంది. ఆకలికి తాళలేక సింహం ఆఫీసుకొచ్చి తెర ముందు కూర్చుంది.

"ఇంకా ఎవరున్నారు మన దగ్గర?"

నక్క తల వంచుకుని చదివింది. "తమరు... నేను, ప్రభూ."

మర్నాటికి అందులో ఒక పేరు తీసెయ్యాల్సి వచ్చింది. తీసెయ్యడానికి ఆఫీసులో ఎవరూ మిగల్లేదు.

నీతి: సాఫ్ట్‌వేర్‌కి డేటాబేస్ పడకపోతే దిగులొద్దు, ప్రజల్ని తీసేస్తే రెండూ హాయిగా పనిచేస్తాయి.