బ్రౌజర్‌ను కదిలించుటకు అనుమతి

కంప్యూటర్‌కు సొంత బుద్ధి ఉండరాదన్నది పరిపాలనలో మొదటి సూత్రం. అందుకే తాండూరులోని ఆ పింఛన్ల కార్యాలయంలో బ్రౌజర్ తనంతట తాను అప్‌డేట్ కాకుండా ఆపి ఉంచారు. దాన్ని మళ్లీ వదలాలంటే చేయవలసినవి: దరఖాస్తు మూడు ప్రతులు, ఆపినాయన సంతకం, వికారాబాద్ జిల్లా ఆఫీసు ఆమోదం, ఆ ఆమోదాన్ని తెరిచి చదవడానికి అప్‌డేట్ అయిన బ్రౌజర్.

ఆపరేటర్ వందనకు అది రెండు నిమిషాల పని. (ఆమె చదివిన పుస్తకాల్లో నిబంధనలన్నింటికీ కారణాలుండేవి.)

గురువారం పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో ఇంద్రమ్మ వచ్చింది. ఏడాదికోసారి కెమెరాకు ముఖం చూపి, బతికే ఉన్నానని రాయించుకోవాలి. శనివారం దాటితే పింఛను ఆగుతుంది, దానితోపాటు ఆమె షుగర్ మాత్రలూ. పాత బ్రౌజర్‌కు ప్రవేశం లేదంది పోర్టల్.

“సార్, నేనే తీసేస్త. రెండే నిమిషాలు,” అంది వందన.

“గట్లెట్ల తీస్తవ్? ఆపినోళ్ల సంతకం గావాలె,” అన్నాడు సూపరింటెండెంట్ సుధాకర్. “రేపు ఆడిటోళ్లు అడిగితే జవాబు నువ్వు చెప్తవా?”

ఆపినాయన కైలాసం, రిటైరై మర్పల్లిలో ఉంటున్నాడు. వెళ్లేరోజు స్టాప్లర్, రెండు కుర్చీలు, సగం గమ్ సీసా లిస్టు ప్రకారం అప్పజెప్పాడు. బ్రౌజర్ సంగతి రాయడానికి ఆ లిస్టులో గడి లేదు.

శుక్రవారం వందన మర్పల్లి వెళ్లింది.

“అవునమ్మా, నేనే ఆపిన,” అన్నాడు కైలాసం. “ఒకనాడు లైన్ల నలభై మంది ముసలోళ్లుండంగ అప్‌డేట్ షురువైంది. పొద్దుగూకేదాక గుండ్రంగ తిరుగుడే. ఒకామె కండ్లు తిరిగి పడ్డది. పాపమనిపించి బంద్ పెట్టిన.”

సంతకం చేశాడు. (జాలితో చేసిన పని కనుక దానికి ఫైలు లేదు.)

వికారాబాద్‌లో ఆమోదం ఆ సాయంత్రమే మంజూరైంది. కాగితాలివ్వడం మానేశామని, మెయిల్ చేశామని, కొత్త బ్రౌజర్‌లో తెరుచుకోమని చెప్పారు. (సొంత ఫోన్‌లో తెరవడం క్రమశిక్షణ ఉల్లంఘన.) రెండో శనివారం, ఆదివారం సెలవులు పోగా, సోమవారం వందన మళ్లీ వెళ్లి బతిమాలితే ప్రింటు తీసిచ్చారు.

మధ్యాహ్నానికి తాండూరు చేరి పని ముగించింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మళ్లీ ఆటోలో వచ్చిన ఇంద్రమ్మ కొంగు సర్దుకుని కెమెరా ముందు కూర్చుంది. పోర్టల్ చకచకా తెరుచుకుంది. అక్షరాలు ఇంతకుముందెన్నడూ లేనంత స్పష్టంగా ఉన్నాయి: ‘గడువులోగా హాజరు కానందున మరణించినట్లు నమోదు.’

“ఏమన్నది బిడ్డా?”

వందన చదివి వినిపించింది.

“గట్లయితే సచ్చినోళ్ల తాన గా ఆటోవాడు కిరాయెట్ల తీసుకుండు?”

“పరేషాన్ గాకవ్వా,” అన్నాడు సుధాకర్, నిజంగానే నొచ్చుకుంటూ. “అభ్యంతరం పెట్టుకోవచ్చు. చనిపోయిన మనిషి స్వయంగ రావాలె, అంతే.”

చనిపోయిన మనిషి స్వయంగా వేలిముద్ర వేసింది. విచారణకు తొంభై రోజులన్నారు.

అందుచేత పాఠకులకు మనవి: పెద్దేముల్ ఇంద్రమ్మ, డెబ్బై మూడేళ్లు, బతికే ఉంది. ఈ తొంభై రోజులూ ఆమెను మీరే గుర్తుంచుకోగలరు. కార్యాలయంలో అందుకు ఏర్పాటు లేదు.