గిల్లకుండా గెలిచిన ఆంజనేయప్ప

చండభానుకిరణజ్వాలాపరంపర చింతామణి తాలూకాను పెనం మీద రొట్టెలా రెండు వైపులా కాలుస్తున్న వేసవిలో, వెయ్యడుగులు తవ్వినా పాతాళవాసులు సైతం "మాకే లేవు, పోవయ్యా" అని తరిమివేసే బోరుబావులతో విరాజిల్లు బట్లహళ్ళి గ్రామమందు, చామంతీవనసార్వభౌముడు, మందుపంపుధారి, ధర పడిపోయిన ప్రతిసారీ ట్రాక్టరెడు పూలను నడిరోడ్డున కుమ్మరించి లాఠీకి వీపు అప్పగించిన ధీరోదాత్తుడు ఆంజనేయప్ప అను రైతు గలడు. అతని మహాసంగ్రామం చెబుతాను. ఫోను పక్కన పెట్టి వినండి.

సంగ్రామం అనగానే కత్తులు వెతక్కండి. ఈ వీరుడు చేయవలసిన యుద్ధం ఒకటే. ఏమీ చేయకుండా ఉండడం.

హెర్నియా అనే అంతశ్శత్రువు ఉదరదుర్గప్రాకారాన్ని చీల్చుకుని బయల్వెడలగా, వైద్యులు దానిని లోపలికి నెట్టి, కుట్లు వేసి, కొన్నాళ్ళు బరువు ఎత్తవద్దని ఆజ్ఞాపించి పంపారు. వీరుడు ఇంటికి వచ్చిన వారానికే మందుపంపు వీపుకెత్తాడు. కుట్లు ఊడాయి. మళ్ళీ ఆసుపత్రి. రెండోసారి తిరిగివచ్చేటప్పటికి, కూలీలను పెట్టి తోట నడిపిస్తున్న అర్ధాంగి రామలక్ష్మమ్మ, మోటారు గది తాళంచెవిని చీర కొంగున ముడివేసుకుని సింహద్వారాన నిలబడి ఉంది. సింహద్వారం అంటే రేకుల తలుపు.

"చెయ్యి ఊరికే పెట్టుకోని కూర్చునేది నీకు రాదయ్యా," అంది ఆమె. "అది వచ్చేవరకు తోట దావ తొక్కద్దు. నీతో కాదంటే ఇప్పుడే చెప్పు, తోట మా మునినారాయణకి గుత్తకి ఇచ్చేస్తా. టమాటా పెడతానని అడగతాండాడు."

మునినారాయణ ఆమె తమ్ముడు. అదే తాలూకాలోని కైవార ఊళ్ళో ఉంటాడు. బావ చామంతితోట మీద చాలా కాలంగా ప్రేమ. బావ మీద కాదు, తోట మీద.

అంతలో బెంగళూరు కంపెనీలో ఉద్యోగం చేసే కూతురు ప్రతిమ, నాయనను చూడవచ్చి, చంకలో ఒక మట్టికుండీ తెచ్చింది. కుండీలో మట్టి తప్ప మరేమీ లేదు.

"నాయనా, దీంట్లో రెండు మే ఫ్లవర్ గడ్డలుండాయి. ఎండాకాలం వాన పడితే వాటంతట అవే లేస్తాయి. ఒక్కో గడ్డకి ఒక్కటే పువ్వు. నువ్వు చేయాల్సింది ఏమీ లేదు. లో మెయింటెనెన్స్."

"అంటే?"

"అంటే ఊరికే ఉండేది."

"ఏమీ చేయకుండానే పూసేదానికి రైతు ఏమిటికమ్మా? కుండీ చాలు కదా."

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల పండితుడు ఈ భూమండలంలో ఇంకా పుట్టలేదు. పుట్టినవాళ్ళందరూ బాల్కనీలో కూర్చుని, శ్రమ లేకుండా ఋతువుకొక పువ్వు పూయించండి అని వీడియోలు తీస్తున్నారు. కుండీలో ఒక పువ్వు పూయించినవాడికి లక్ష లైకులు. ఎకరాలకెకరాలు పూయించినవాడికి మండీ దళారి చీదరింపు. పోనీయండి, కథలోకి వద్దాం.

రామలక్ష్మమ్మ కుండీని అరుగు మీద పెట్టింది. "బాగుంది పరీక్ష. దీంట్లో పువ్వు పూసిన దినం తాళంచెవి నీది. పూయకుంటే మునినారాయణది," అంది. కొంగులో తాళంచెవి ఖణిల్లుమంది.

అటు పిమ్మట వీరుడు కుండీకి ఎదురుగా ఆసీనుడయ్యాడు. కుండీ కదల్లేదు. వీరుడు కదిలాడు. బట్లహళ్ళి పరిసరాలలో చామంతి సాగుచేసే మహామాయావులు, చీకటి పడ్డాక తోటల మీద లైట్లు వేలాడదీసి, పొద్దు ఇంకా మునగలేదని మొక్కను నమ్మించి, తొందరపడి పూయకుండా ఆపి, పూతను తమకు కావలసిన పండుగకు జరుపుకొందురు గదా. ఆ విద్యలో ఆరితేరిన ఆంజనేయప్ప, వైరు లాగి, కుండీకి నెత్తిమీద ఒక లైటు వేలాడదీశాడు. మొలకైనా లేని మట్టికి పగలేదో రాత్రేదో తెలియకుండా చేశాడు. రామలక్ష్మమ్మ వచ్చి ప్లగ్గు పీకింది.

"మట్టికి దీపం పెట్టినావు, ఇంగ టెంకాయ కొట్టు," అంది.

తొలి పోరులో ఇట్లు వీరుడు ఓడెను.

ఒకనాటి సాయంకాలం ప్రళయకాలమేఘగర్జనలతో వాన వచ్చింది. దుమ్ము అణిగేంత. మేఘుడు పిసినారి అయినా కుండీకి ఆ మాత్రం చాలు. కొన్నాళ్ళకు మట్టిని చీల్చుకుని, బాలసూర్యునివలె, బాణాగ్రమువలె, ఇంకా పది ఉపమానాలున్నాయి గానీ మీకు ఓపిక లేదు, ఒక మొన పైకి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. చామంతి నారు నాటాక, మొక్క జానెడు ఎదిగేసరికి రైతు దాని తలను గిల్లివేస్తాడు. తల పోతే పక్కలకు కొమ్మలు లేస్తాయి, కొమ్మకొక గుత్తి పూస్తుంది. నలభై ఏండ్లుగా ఆంజనేయప్ప బొటనవేలు, చూపుడువేలు చేసిన తపస్సు ఇదే. ఆ వేళ్ళు మెదడును అడగవు. మెదడుకు కబురు కూడా పంపవు.

వీరుడు సంతోషంతో కుండీ మీదికి వంగాడు. లేచేటప్పటికి మొన అతని వేళ్ళ మధ్య ఉంది.

"ఏముండాది చేతిలో?" అంది గడప దాటుతున్న రామలక్ష్మమ్మ.

"ఏం లేదు."

"తెరువు."

తెరిచాడు. ఆమె ఆ మొనను తన చేతిలోకి తీసుకుంది. "అది కొమ్మ కాదయ్యా. పువ్వు."

"గిల్లితే నాలుగు కొమ్మలేస్తాదనుకుంటి."

"నువ్వు యాడ అనుకున్నావు. నీ చెయ్యి అనుకొనింది."

కురుక్షేత్రాన శత్రువు ఎదుట నిలబడేవాడు. ఇక్కడ శత్రువు సొంత భుజానికే వేలాడుతూ తిరుగుతున్నాడు. అన్నం కలపాలన్నా వాడే, బీడీ ముట్టించాలన్నా వాడే. ఇట్టి విరోధిని గెలిచే అస్త్రం ఏ గురుకులంలో నేర్పుతారు?

మిగిలింది ఒకే గడ్డ. ఇంకొక వాన పడింది. రెండో మొన లేచింది. అదే రోజున, వార్త ఎట్లా అందిందో గానీ, టమాటా మహారాజు మునినారాయణ మోటారుసైకిలారూఢుడై అరుగు ముందు దిగాడు. తోట కొలుచుకోవడానికి కొలతాడు కూడా తెచ్చుకున్నాడు.

"బావా, ఇంత సన్నగా లేచిందే," అన్నాడు కుండీలోకి తొంగిచూసి. "ఒక్క మొన వదిలితే ఒక్క పువ్వు. గిల్లినావంటే నాలుగు. నీకు తెలీంది ఏముండాది, చామంతిలో పండినోడివి."

ఆంజనేయప్ప కుడిచెయ్యి మోకాలి మీదినుంచి లేచింది. వేళ్ళు రెండూ దగ్గరయ్యాయి. ఎదురింటి కాంచన చేట ఆపింది. వీధిలో గాలి కూడా ఆగిందని చెప్పవచ్చు గానీ, మొదటినుంచే గాలి లేదు. వీరుడు ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టి, తొడ కింద అదిమి, దాని మీద కూర్చుని, దిక్కులు పిక్కటిల్లునట్లు పలికాడు.

"ఒరే మునినారాయణా, విను. ఈ చెయ్యి తుపాన్లో పైరు నిలబెట్టింది. రోడ్డు మీద పూలు పోసి పోలీసోని లాఠీ పట్టుకొనింది. ఎన్ని లక్షల తలలు గిల్లిందో దీనికే తెలీదు. ఈ ఒక్క తల గిల్లదు. తోట నీకు పోతే పోనీ, అది వానల్లేక పోనీ, ధర లేక పోనీ, నా వేళ్ళవల్ల మాత్రం పోదు. కొలతాడు చుట్టుకోని పో."

"సరే బావా, కాఫీ తాగి పోతా," అన్నాడు మునినారాయణ.

ప్రతిజ్ఞ చేయడం తేలిక. దాని మీద పొద్దంతా కూర్చోవడం కష్టం. చెయ్యి తిమ్మిరెక్కింది. "ఏమ్మే, దీనికి ఏదన్న పని పెట్టు. లేకుంటే ఇది నన్ను ముంచుతాది," అన్నాడు భార్యతో.

ఆమె గంపెడు చామంతులు, దారపుండ తెచ్చి ముందు పోసింది. ఎకరాలు పండించినా ఏనాడూ మూర పూలు కట్టనివాడు, కాలి బొటనవేలికి దారం తగిలించి, నాలుక కొరుక్కుంటూ, ముడి వేయడం మొదలుపెట్టాడు. మొదటి మాల చూసి కాంచన "ఆంజనేయప్పా, ఇది మాలనా, ఎద్దు పగ్గమా?" అంది. మరుసటి రోజు మాల బాగానే వచ్చింది. ఆ తరవాత, "మా ఇంటికీ ఒక మూర కట్టియ్యప్పా" అని ఆమే అడిగింది. పదివేళ్ళూ దారంలో బందీలు. కుండీ వైపు చూడ్డానికి కళ్ళు మాత్రమే మిగిలాయి.

అట్లుండగా ఒక ఉదయాన, గిల్లని తలకు పువ్వు విచ్చింది. ఎర్రగా, గుండ్రంగా, పిడికిలంత. వాసన లేదు. జడలో పెడితే నిలవదు. మార్కెట్లో మూట కట్టడానికి ఒక్కటి చాలదు. అయినను జయము ఆంజనేయప్పకు, జయము అతని తొడ కింది చేతికి. ఈ గాథ విన్నవారి బోరులో నీళ్ళు పడవు, వారి చామంతికి ధర రాదు, దళారి మంచివాడు కాడు. ఫలశ్రుతి ఇంతే. ఇష్టమైతే పుచ్చుకోండి.

రామలక్ష్మమ్మ కొంగు విప్పి తాళంచెవి అతని చేతిలో పెట్టింది. ఇద్దరూ తోటకు నడిచారు. కొత్తగా నాటిన చామంతి నారు జానెడు ఎదిగి, సాళ్ళు సాళ్ళుగా తలలూపుతోంది. గిల్లే అదను. వీరుడు మొదటి మొక్క ముందు వంగాడు. వేళ్ళు రెండూ దగ్గరికొచ్చి, ఆగాయి. వంగినవాడు వంగినట్లే ఉండిపోయాడు.

"ఏమ్మే," అన్నాడు తల తిప్పకుండా. "గిల్లేదా?"

"గిల్లయ్యా," అంది గట్టు మీదినుంచి రామలక్ష్మమ్మ. "అది చామంతి."

నలభై ఏండ్లలో మొట్టమొదటిసారి ఆ చెయ్యి అడిగి గిల్లింది.