వేలిముద్ర పడని కారు

తిమ్మరాజుగారి కారుకు సిరామిక్ కోటింగ్ అనే మెరుపుపూత వేసే ముందు జరగవలసిన సంస్కారాలు ఇవి: నురుగుతో తలంటు, రంగులో గుచ్చుకున్న ఇనుప రజను కరగడానికి మందు, మిగిలిన గరుకు ఊడిరావడానికి మెత్తని క్లే ముద్దతో రుద్దుడు, సన్నగీతలు మాయడానికి పాలిష్, పాలిష్ జిడ్డు పోవడానికి స్పిరిట్ తుడుపు, ఆపైన కోటింగ్ పడేదాకా ఏ మానవుడి వేలూ తగలకుండా కాపలా. ఇవన్నీ చేయవలసిన బసవమ్మ అంతకంటే ముందు గోడమీది అటెండెన్స్ మిషనుకు వేలు చూపించి, తాను వచ్చినట్టు రుజువు చేసుకోవాలి.

మిషను ఒప్పుకోలేదు. అలా ఒప్పుకోకపోవడం వరుసగా మూడో రోజు. మూడు రోజులు మిషనుకు కనబడనివారు పని మానేసినట్టేనని హొసూరులోని ఆ షాపు యజమాని జయప్రకాశ్ ఎంతో ముందుచూపుతో నియమం పెట్టి ఉన్నాడు.

"ఈడనే నిలబడుండాను గదప్పా, కనబడలేదా?" అంది బసవమ్మ.

"నాకు కనబడితే ఏమొస్తాదమ్మా?" అన్నాడు జయప్రకాశ్. "దానికి కనబడాల. సాయంత్రం ఇంకోసారి పెట్టి చూడు. ముందు కారు పని చూడు."

బసవమ్మవి మామూలు వేళ్లు కావు. సొంతూరు జవళగిరిలో రాగుల్లో ఇసుక ఏరి ఆరితేరినవి. క్లే రుద్దాక రంగు నున్నబడిందో లేదో కంటికి తెలియదు; వట్టి వేలితో నిమిరి చూడాలి. గ్లౌజు తొడిగితే వేలు అబద్ధమాడుతుందని షాపు సిద్ధాంతం. అందుకని రెండేళ్లుగా ఆమెకు గ్లౌజులు ఇవ్వకుండా గౌరవించారు. ఆ గౌరవానికీ, స్పిరిట్‌కూ కారుమీది గీతలతోపాటు వేళ్లమీది గీతలు కూడా మాయమయ్యాయి.

"వేలికి రవ్వంత కొబ్బరినూనె పూసుకోక్కా, మిషను పట్టుకుంటాది" అని పక్కన పనిచేసే రేణు చెవిలో చెప్పింది.

"నూనె చేత్తో కారు తాకితే కోటింగ్ నిలస్తాదా? బుద్ధుండాదా నీకు?" అని బసవమ్మ కసిరింది. పని పోయినా సరే, పని చెడకూడదనే జబ్బు ఆమెకుంది.

సాయంత్రం తిమ్మరాజుగారు తనిఖీకి వచ్చారు. బర్గూరు దగ్గర ఆయనకో గ్రానైటు క్వారీ. దాని దుమ్ము మూడూళ్ల అన్నంలో పడవచ్చు, కారుమీద పడకూడదు.

"టార్చి కొట్టి చూడండి సార్! ఒక్క వేలిముద్ర చూపించినారంటే షాపు మూసేస్తాను. మనిషి తాకిన జాడే లేదు!" అని జయప్రకాశ్ ఉపన్యసించాడు.

"భేష్! ఎవరప్పా చేసింది?"

జయప్రకాశ్ సత్యవాది. ఫోనులో హాజరుపట్టీ చూసి, "ఎవురూ లేరు సార్. అంతా సిస్టం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దల మాటకు మర్యాదగా బసవమ్మ కూడా కొట్టింది.

తర్వాత వెళ్లి చివరిసారి వేలు పెట్టింది. లోపలి ఆడగొంతు "ప్లీజ్ ట్రై అగైన్" అంది. ఆ షాపులో ఆమెతో అంత మర్యాదగా మాట్లాడింది అదొక్కటే. మూడు రోజులుగా రాని మనిషికి ఎదురుగా నిలబడి రేపటినుంచి రావద్దని చెప్పవలసి వచ్చినందుకు జయప్రకాశ్ చాలా నొచ్చుకున్నాడు.

కృష్ణగిరి రోడ్డులో ఆ కారు మీకు ఎదురుపడితే తప్పక ఆగి చూడండి. బానెట్‌లో మీ ముఖం బ్రహ్మాండంగా కనబడుతుంది. తల దువ్వుకోండి, మీసం సర్దుకోండి. ఆ తర్వాత తీరిక ఉంటే, బసవమ్మ అనే మనిషిని ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఆమె వచ్చినట్టు ఇంకెక్కడా నమోదు కాలేదు.