క్యాంపులు చల్లగుండాలి!

మా మరదలు నాగవ్వ బ్యాగు సర్దింది ఆమె కాదు, మా తమ్ముడు లింబయ్య. రెండు చీరలు, ఒక తువాలు, నాలుగు జొన్నరొట్టెలు, కారప్పొడి పొట్లం, ఎంపీటీసీగా గెలిచినట్టు ఇచ్చిన కాగితం. అన్నిటికంటే పైన ఫోన్ ఛార్జరు. వైరు చిక్కుపడకుండా బీడీల దారంతో చుట్టి మరీ పెట్టాడు.

"రోజుకొక్కపారి ఫోన్ జెయ్యి. జెయ్యకపోతె నేనే అచ్చి సముద్రంలకెల్లి గుంజుకస్త."

"బావిల ఈతనే రాదు నీకు, సముద్రంల ఏం గుంజుతవ్?" అంది నాగవ్వ.

బయట కార్లు హారన్ కొడుతున్నాయి. గెలిచినవాళ్లను క్యాంపుకు తీసుకుపోయే కార్లు.

పాఠకులారా, ఈ క్యాంపుల మీద లోకానికి ఎందుకింత కోపమో నాకు అర్థం కాదు! మనం ఓట్లేసి ఎంపీటీసీలను గెలిపిస్తాం. వాళ్లు చేతులెత్తి మండలాధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఆ రోజు దాకా అవతలి పార్టీ ఎత్తుకుపోకుండా, ఎవరి మనుషులను వాళ్లే ముందుగా ఎత్తుకుపోతారు. అదే క్యాంపు. ఇందులో తప్పేముంది?

మొన్న మా మండలంలో అభిప్రాయ సేకరణ పెట్టారు. మండలాధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకునేలా పద్ధతి మార్చాలా, వద్దా అని. పసుపు పండించే ఎర్రన్న లేచి, "మేమే ఓటు గుద్దుతం, ఆడికి ఖతం. నడుమ ఈ టూర్లేంది సార్?" అన్నాడు. అందరూ చప్పట్లు!

ఎంత అమాయకులో చూడండి. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన నాగవ్వ బాసర దాటి ఎరుగదు. క్యాంపు ఆమెకు షిర్డీలో దర్శనం చేయించింది. గోవాలో సముద్రం చూపించింది. ఏసీ గదిలో పడుకోబెడితే, రెండు చీరలూ కలిపి కప్పుకున్నా వణుకు ఆగలేదట! నేరుగా ఎన్నికైతే ఈ భాగ్యం ఎవరిస్తారు? అయినా గెలిచిన మనిషి ఊళ్లో ఉంటే ఏం లాభం? మోరీ నిండిందనీ, బోరు చెడిపోయిందనీ సతాయిస్తాం, అంతేగా!

ఇక క్రమశిక్షణ సంగతి. కార్లు మహారాష్ట్ర సరిహద్దు దాటకముందే క్యాంపు పెద్ద నాగేందర్ దిండు గలీబు ఒకటి పట్టుకుని నిలబడ్డాడట.

"అక్కా, ఫోన్లు గిందుల ఎయ్యుండ్రి. అవతలోళ్లు మీ మనసు ఖరాబ్ జేస్తరు."

"నా మనసు ఖరాబ్ జేసెటోడు ఇంట్ల ఒక్కడే ఉన్నడు తమ్మీ. గాయనకొక మాట జెప్పి ఇస్త."

"రేపు జెప్దువు తియ్యక్కా."

పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారని ఏడ్చే తల్లిదండ్రులారా! ఎనిమిది మంది పెద్దవాళ్లను పదకొండు రోజులు ఫోన్ ముట్టనివ్వకుండా చేయడం ఏ డాక్టరు వల్ల అవుతుంది?

ఇక్కడ లింబయ్యకూ తోడు దొరికింది. ఫోన్ స్విచ్ఛాఫ్ అని చెప్పే ఆడపిల్ల గొంతు ఉంటుంది చూడండి, రోజుకు పదిసార్లు ఆ పిల్లతోనే మాట్లాడేవాడు. "అక్కా, నాగవ్వ ఏడున్నదో ఈ పిల్లకన్న ఎర్కేనంటవా?" అని నన్నడిగేవాడు.

తొమ్మిదో రోజు పొద్దున లింబయ్యకు ఛాతిలో నొప్పి లేచింది. ఆటో కోసం మనిషిని పంపి, నాగేందర్‌కు ఫోన్ చేశాను. అంత పనిలోనూ ఎత్తాడు! మర్యాద అంటే అదీ.

"తమ్మీ, లింబయ్య పానం బాగలేదు. నాగవ్వకియ్యి."

"అవ్వా, ఎల్లుండి చేతులెత్తుడు గానియ్యి. ఇప్పుడు జెప్తె ఆమె ఆగది. ఒక్క చెయ్యి తక్కువైతె మనది పోతది."

విన్నారా! బీడీలు చుట్టే చేతికి ఇంత విలువ నలభై ఏళ్లలో ఏ సేటైనా ఇచ్చాడా?

పదకొండో రోజు నాగవ్వ చెయ్యెత్తింది. మా పార్టీ ఒక్క చేతితో గెలిచింది. పూలదండలు వేయడం అయ్యాక నాగేందర్ ఆమెను పక్కకు పిలిచి సంగతి చెప్పాడు. కారిచ్చి మరీ ఇంటికి పంపాడు. ఇంతకన్నా ఏం చేయాలి?

అందుకే మొన్నటి సభలో ఉన్న పద్ధతే ఉండాలని గట్టిగా చెబుదామని పోయాను. నాగవ్వ నా పక్కనే కూర్చుంది. నేరుగా ఎన్నిక కావాలనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు ఆఫీసరు. హాలంతా చేతులు లేచాయి. ఇప్పుడున్నదే కావాలనేవాళ్లు అన్నాడు. మూలన నాగేందర్, మరో నలుగురు. నాగవ్వ చేతులు రెండుసార్లూ కొంగు కిందే ఉన్నాయి. ఎందుకో నావీ లేవలేదు.

"ఏమ్మా, మీకు ఏ అభిప్రాయమూ లేదా?" అని నాగవ్వను అడిగాడు ఆఫీసరు.

"నా చెయ్యి లెవ్వది సార్."

అభిప్రాయం లేనివారు ఇద్దరు అని రాసుకున్నాడు.

బ్యాగు గోవా దాకా పోయి క్షేమంగా వచ్చింది. ఛార్జరుకు చుట్టిన దారం చుట్టినట్టే ఉంది. నాగవ్వ జూలై పన్నెండు, శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చింది. మా తమ్ముడు లింబయ్య జూలై పది, బుధవారం పొద్దున ఆటోలో నిజామాబాద్ దవాఖానకు పోయాడు. తిరిగి రాలేదు.