కడగని గొట్టం, కలిపిన షర్బత్

పేరుకు పెద్ద అడవే గానీ, అందులో నీళ్లు పరీక్ష చేసే చోటు ఒక్కటే. ఎప్పుడో మనుషులు వదిలేసి వెళ్లిన క్రొమటోగ్రఫీ యంత్రం ఒకటి అక్కడ ఉండేది. నీళ్లు ఎక్కిస్తే అవి సన్నటి గొట్టంలో నడుస్తూ నడుస్తూ, వాటిలో కలిసి ఉన్నవన్నీ ఒక్కొక్కటే విడిపోయి బయటికొచ్చేవి. విషం ఉంటే కాగితం మీద పెన్ను కొండలా గీసేది. లేకపోతే తిన్నని గీత.

దాన్ని నడిపేది సుభాషిణి అనే పునుగుపిల్లి. ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ మధ్య గొట్టంలోకి పుల్లటి రసం పంపి కడిగేది. తర్వాత మంచినీళ్లు పంపేది. పెన్ను తిన్నగా గీస్తేనే రెండో సీసా ముట్టుకునేది.

ఆ వేసవిలో కుంటల నిండా పచ్చనాచు పట్టింది. ఆ నాచులో విషం ఉంటుందని అందరికీ తెలుసు. సీసాలు పట్టుకుని పరీక్షకేంద్రం ముందు బారులు తీరారు. రోజుకు ఆరు పరీక్షలకు మించి అయ్యేవి కావు. ఫిర్యాదులు పులిరాజు దాకా వెళ్లాయి. ఆయన చిదంబరం అనే నక్కను పిలిచి వేగాధికారిగా వేశాడు.

చిదంబరం వచ్చిన రోజే చేతిగడియారం చూసుకుంటూ సుభాషిణి పక్కన నిలబడ్డాడు.

"పరీక్షకు ఎంతసేపు?"

"పావుగంట సార్."

"కడగడానికి?"

"గంట."

"అంటే అసలు పని పావుగంట, అంట్లు తోమడం గంటా?"

"అంట్లు కాదు సార్. మన నీళ్లలో పాత గని తాలూకు ఇనుప తుప్పూ, రాగి చిలుమూ ఉంటాయి. అవి గొట్టం లోపల అంటుకుంటాయి. కడగకుండా ఇంకో సీసా ఎక్కిస్తే, అందులోని నాచు విషం వెళ్లి ఆ తుప్పును పట్టుకుని కూర్చుంటుంది. బయటికి రాదు. కాగితం మీద తిన్నని గీత పడుతుంది. మనం విషం లేదనుకుంటాం."

చిదంబరం గొట్టం చివర కన్ను పెట్టి చూశాడు.

"నాకేం కనబడటం లేదే!"

"కంటికి కనబడదు సార్."

"కనబడని మురికిని గంటసేపు కడుగుతున్నారన్నమాట. ఇది ఆఫీసా, గుడా?"

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది: పరీక్షల మధ్య కడగడం నిషేధం. కింద చిదంబరం సంతకం. రసం సీసాలన్నీ ఆయన బీరువాలోకి వెళ్లి తాళం పడింది. సుభాషిణి అభ్యంతరం రాసి, డైరెక్టరు ఎలుగుబంటి గుర్నాథం గారికి ఇచ్చింది. ఆయన చదవకుండానే "మంచి పాయింటమ్మా" అని ఫైల్లో పెట్టాడు.

ఆ మర్నాటి నుంచి రోజుకు ముప్ఫై పరీక్షలు. ఇంకో వింత, ఒక్క కుంటలోనూ విషం లేదు! అన్నీ తిన్నని గీతలే. జనం చిదంబరానికి దండలు వేశారు. "ఆయన వచ్చాక విషం కూడా భయపడుతోందయ్యా" అని చెప్పుకున్నారు.

నెల తిరగబోతుండగా, ఎర్రకుంట దగ్గరుండే కుందేలు మాణిక్యమ్మకూ సర్టిఫికెట్ వచ్చింది. ఆ ధైర్యంతో పిల్లలకు ఆ నీళ్లే తాగించింది. రెండు రోజులు తిరగకుండా ముగ్గురు పిల్లలూ వాంతులతో నీరసపడి పడుకున్నారు. ఆవిడ సర్టిఫికెట్ పట్టుకుని పరుగున వచ్చింది.

"అయ్యా, నీళ్లు మంచివని రాసిచ్చారు. పిల్లలు లేవడం లేదు."

చిదంబరం సర్టిఫికెట్‌ను ఇటూ అటూ తిప్పి చూశాడు. "సీలు సరిగ్గానే పడింది కదమ్మా. నీళ్లు పాసయ్యాయి. ఫెయిలయింది మీ పిల్లలు."

మాణిక్యమ్మ ఏడవలేదు. అక్కడే మెట్ల మీద కూలబడింది. సుభాషిణి ఆమె పక్కన కూర్చుని మెల్లగా అంది: "వదినా, పిల్లలకు కొండవాగు నీళ్లు పట్టు. ఎర్రకుంట ముట్టుకోకు. మిగతాది నాకు వదిలెయ్."

చిదంబరం వచ్చాక చేసినవి లెక్కేస్తే, ఇంకో నాలుగు రోజుల్లో వెయ్యో పరీక్ష. దానికి ఉత్సవం చెయ్యాలన్నాడు చిదంబరం. పులిరాజు ముఖ్య అతిథి.

"వెయ్యో పరీక్ష రాజావారు తాగేదానికే చేస్తే ఎలా ఉంటుంది సార్?" అంది సుభాషిణి అమాయకంగా. "ఎండలు కదా, నిమ్మకాయ షర్బత్ అయితే బాగుంటుంది. పుల్లగా ఉంటే రాజావారికి ఇష్టమట."

చిదంబరం ముఖం వెలిగిపోయింది. "అద్భుతం! నేనే నా చేతులతో కలుపుతాను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను."

ఉత్సవం రోజున అడవి అంతా వచ్చింది. చిదంబరం షర్బత్ గ్లాసు పైకెత్తి, ప్రతి నిమ్మకాయనూ తానే ఎంచి పిండానని ప్రసంగించాడు.

"ఎంత ఎక్కించమంటారు సార్?" అడిగింది సుభాషిణి.

"రాజావారిది! ధారాళంగా ఎక్కించు."

చిదంబరమే గ్లాసులోంచి సగం సీసాలోకి వంపాడు. ఆమె ధారాళంగానే ఎక్కించింది. నిమ్మరసం గొట్టంలోకి దిగింది. ఇన్నాళ్లుగా పేరుకున్న తుప్పునూ చిలుమునూ వదిలించింది. వాటిని పట్టుకుని కూర్చున్న నాచు విషమంతా ఒక్కసారిగా కదిలింది.

పెన్ను కొండ గీసింది. ఇంకా పైకి పోయింది. కాగితం అంచు దాటి బల్ల మీద గీసింది.

పులిరాజు ఆ కొండను చూశాడు. తర్వాత గ్లాసును చూశాడు. తర్వాత నక్కను చూశాడు.

"చిదంబరం, ఇది నువ్వే కలిపావు కదూ?"

చిదంబరం ఒకసారి గ్లాసు వైపు, ఒకసారి యంత్రం వైపు చూశాడు. షర్బత్ మంచిదంటే యంత్రం తప్పు. యంత్రం మంచిదంటే షర్బత్‌లో విషం. "ప్రభూ... ఇది సుభాషిణి... ఆమె..."

"గ్లాసు ఆమె ముట్టుకుందా?"

"లేదు ప్రభూ."

"అయితే నువ్వు తాగు."

తాగాడు. గడగడా తాగేశాడు. పావుగంట గడిచింది. ఏమీ కాలేదు. "చూశారా ప్రభూ!" అంటూ చిదంబరం గంతులేశాడు. "షర్బత్‌లో విషం లేదు! యంత్రమే అబద్ధం చెప్పింది!"

జనంలోంచి మాణిక్యమ్మ లేచింది.

"మరి మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిదికీ ఏం చెప్పిందయ్యా?"

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఆ గోలలో పులిరాజు గర్జన కూడా ఎవరికీ వినబడలేదు.

బీరువా తాళం పగలగొట్టించారు. సుభాషిణి గొట్టాన్ని రెండు రోజులు కడిగి, కుంటలన్నింటినీ మళ్లీ పరీక్షించింది. పదకొండింటిలో విషం ఉంది. ఎర్రకుంటకు ముళ్లకంప అడ్డం వేశారు. మాణిక్యమ్మ పిల్లలు వారానికి లేచి గెంతడం మొదలుపెట్టారు.

చిదంబరాన్ని అడవి నుంచి తరిమేద్దామనుకున్నాడు పులిరాజు. చిదంబరం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, కడగకపోతే ఎంత ప్రమాదమో ఈ అడవిలో నాకంటే అనుభవం ఉన్నవాళ్లు ఎవరున్నారు?"

పులిరాజుకు ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. కొత్తగా శుభ్రతా సంఘం పెట్టి, దానికి చిదంబరాన్ని అధ్యక్షుణ్ణి చేశాడు. సంఘం మొదటి సమావేశంలోనే సుభాషిణికి మెమో వెళ్లింది: అనుమతి లేకుండా, నిమ్మరసంతో, ఉత్సవం మిషతో యంత్రాన్ని కడిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలని.

నీతి: యంత్రాన్ని కడిగితే ఒక గంట పోతుంది, కడగకపోతే ఒక పదవి వస్తుంది.