ఏడు దాకా వచ్చిన రిఫరీ

ఒక పెద్ద అడవిలో, పులి తుమ్మినా సభ మినిట్సులో రాసుకునేంత పద్ధతిగల అడవిలో, గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. అక్కడ గుప్పిట ముడిచి కొట్లాడిన మొట్టమొదటి జంతువు అతనే. అంతకుముందు అందరూ గోళ్లతో, పళ్లతో కానిచ్చేవాళ్లు. పంజాకి బూరుగు దూది చుట్టుకుని, బరిలో దిగి, నియమం ప్రకారం తన్నులు తినడం అతనితోనే మొదలైంది. గెలిచినా ఓడినా దక్కేదేమీ లేదు కాబట్టి ఇలాంటివాళ్లని ఔత్సాహికులు అన్నారు.

గుబురయ్య మొత్తం పన్నెండు పోటీల్లో దిగాడు. పదకొండు ఓడాడు. ఒక్కటి గెలిచాడు. ఆ రోజు ప్రత్యర్థి అడవిదున్న దారిలో పచ్చగడ్డి చూసుకుని రావడం మానేసింది. ఈ సంగతి అతనేం దాచేవాడు కాదు. "బరిలో నేల నా కాళ్లకన్నా నా వీపుకే బాగా తెలుసు" అని తనే చెప్పి నవ్వేవాడు.

దాచింది ఒక్కటే. కింద పడ్డవాడి మీద రిఫరీ పది దాకా లెక్కపెట్టాలి. ఆలోగా లేస్తే ఆట సాగుతుంది, లేవకపోతే ఓటమి. గుబురయ్య చదువుకోలేదు. అంకెలన్నీ బరిలో వెల్లకిలా పడుకునే నేర్చుకున్నాడు. ఒకటి స్పష్టంగా వినిపించేది, నాలుగు దాకా ఫరవాలేదు, ఏడు ఎక్కడో దూరంగా. ఆ తర్వాత మొహాన నీళ్లు కొట్టినప్పుడే తెలివి వచ్చేది. ఏడుకీ పదికీ మధ్య ఏముందో అతనికి తెలీదు. తనెవర్నీ పడగొట్టలేదు కాబట్టి నిలబడి వినే యోగం పట్టలేదు.

మోకాళ్లు అరిగాక సభవారు అతన్ని రిఫరీని చేశారు. ఇన్నిసార్లు పడ్డవాడికి తెలియకపోతే పడడం గురించి ఇంకెవరికి తెలుస్తుందన్నారు. మెడలో వెదురు ఈల వేశారు. ఆ రోజునుంచి "ఒరే గుబురూ" పోయి "గుబురయ్యగారూ" వచ్చింది. బుద్ధెరిగాక తన పేరు చివర గారు వినడం అదే మొదలు. ఆ గారు అతనికి తేనెకన్నా తీపయింది.

ఎవరినైనా అడిగి మిగతా అంకెలు నేర్చుకోవచ్చు కదా అంటారు. నేనూ అదే అంటాను. కాని మెడలో ఈల పడ్డాక అడగడానికి నోరు రాదు.

మొదటి పోటీలోనే ఒక ముంగిస పడింది. గుబురయ్య ఏడు దాకా వచ్చాడు. అడవంతా చూస్తోంది. గట్టిగా ఈల ఊది, "సరిగా పడలేదు, లేచి మళ్లీ పడు" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంత నిక్కచ్చి రిఫరీని ఎక్కడా చూడలేదన్నారు. పొద్దు గూకాక ఇద్దరికీ దండలు వేసి పంపారు. అప్పట్నుంచి అతని బరిలో ఎవరూ ఓడలేదు. ఓడనివాళ్లు ఎందుకు తిడతారు? గుబురయ్యగారి పేరు పక్క అడవిదాకా పాకింది. తనలో తను మాత్రం, ఏడు మెట్లెక్కి కొండెక్కానని చెప్పుకుంటున్నావురా అని తిట్టుకునేవాడు.

అసలు సంగతి పసిగట్టింది సభ కార్యదర్శి నక్క లౌక్యయ్య ఒక్కడే.

ఆ వేసవిలో మడుగు పెత్తనం ఎవరిదో బరిలో తేల్చాలని సభ నిర్ణయించింది. ఎవరు ఎప్పుడు నీళ్లు తాగాలో చెప్పే పదవి అది. ఒకవైపు పులిగారి మేనల్లుడు, చిన్నదొర అనే చిరుత. రెండోవైపు గంగులు అనే కొండముచ్చు.

లౌక్యయ్య తేనెపట్టు పట్టుకుని గుబురయ్య గుహకి వచ్చాడు. "గుబురయ్యగారూ, మీకు ఏడు తర్వాత రాదని నాకు తెలుసు. నా కడుపులో దాచుకుంటాను. చిన్నదొర పడితే మీ పద్ధతిలో మీరు లెక్కపెట్టండి. గంగులు పడితే ఏడు దగ్గర ఆగండి, మిగతా మూడూ నేను లెక్కపెడతాను."

గుబురయ్యకి సిగ్గుతో చెవులు కాలాయి. కాదంటే గారు పోతుంది. తల ఊపాడు. తేనె కూడా తిన్నాడు, అదేం దాచను.

పోటీ రోజు పొద్దున్నే పులిగారు మేనల్లుణ్ని పిలిచి, మన వంశంలో బరి వదిలి పారిపోయినవాడు లేడని చెప్పారు. చిన్నదొరకి గోళ్లు తెలుసుగాని గుప్పిట తెలీదు. గంగులువి పొడుగు చేతులు. ఆట మొదలైన కాసేపటికే చిన్నదొర నేల కరిచాడు.

"ఆరు, ఏడు. సరిగా పడలేదు, లేచి మళ్లీ పడు."

లౌక్యయ్య ముసిముసిగా నవ్వాడు. చిన్నదొర లేచాడు, మళ్లీ పడ్డాడు. మళ్లీ లేపారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అతని మూతి బూరెలా పొంగింది. గంగులు పడితే కదా లౌక్యయ్య తెలివి అక్కరకొచ్చేది. గంగులు పడలేదు సరికదా, కొట్టి కొట్టి చేతులు నొప్పెడుతున్నాయని ఫిర్యాదు చేశాడు. పారిపోదామంటే చిన్నదొరని మేనమామ చూస్తున్నాడు. ఈసారి పెత్తనం తేలాలి కాబట్టి పొద్దు గూకినా దండలు వేసి పంపరు, ఆట ఆగాలంటే ఎవరో ఒకరు పది అనాలి. లౌక్యయ్య అంటే పులి మేనల్లుణ్ని ఓడించినవాడవుతాడు. అందుకని తోక చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇంకోసారి పడ్డప్పుడు చిన్నదొర కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎనిమిది అనండి గుబురయ్యగారూ," అన్నాడు మెల్లిగా. "మీ కాళ్లు పట్టుకుంటాను."

గుబురయ్య ఆ నేలకేసి చూశాడు. ఆ నేల మీద తనూ పదకొండుసార్లు పడుకున్నాడు. తనని మాత్రం ఎవరూ లేపి మళ్లీ కొట్టించలేదు. ఓడిపోయి, ఇంటికెళ్లి, హాయిగా నిద్రపోయాడు. అది ఎంత సుఖమో అప్పుడు తెలీలేదు. మెడలో ఈల బరువెక్కింది.

వంగి, అడవంతా వినేటట్టే అడిగాడు. "నాకు రాదు నాయనా. ఏడు తర్వాత ఏమిటి?"

"ఎనిమిది," అన్నాడు చిన్నదొర.

"ఎనిమిది," అన్నాడు గుబురయ్య.

"తొమ్మిది."

"తొమ్మిది."

"పది," అని చిన్నదొర హాయిగా కళ్లు మూసుకున్నాడు.

"పది," అని గుబురయ్య గంగులు చెయ్యి పైకెత్తాడు.

మర్నాడు గంగులు మడుగు దగ్గర అందరినీ వరసలో నిలబెట్టాడు, పులిగారిని కూడా. ఆ కోపం ఎవరిమీదో ఒకరిమీద తీరాలి కాబట్టి సభ కూడింది. ఇన్నాళ్లూ మచ్చలేని రిఫరీ ఉన్నట్టుండి లెక్కలు నేర్చుకుని అడవి పరువు తీశాడని లౌక్యయ్య వాపోయాడు. పులిగారు ఇద్దరివైపూ చూశారు. లౌక్యయ్యని మేనల్లుడి మూతికి పసరు రాసే పనికి వేశారు. గుబురయ్య మెడలో ఈల తీసి తాబేలు మెడలో వేశారు. తాబేలుకి నాలుగు దాకానే వచ్చని విచారణలో తేలింది. దాన్ని అర్హతల కింద రాసుకున్నారు.

గుబురయ్య మళ్లీ "ఒరే గుబురూ" అయ్యాడు. ఇప్పపూలు ఏరుకుంటూ పది దాకా లెక్కపెడతాడు, పదకొండో పువ్వు దగ్గర ఆగి తనే నవ్వుకుంటాడు. చిన్నదొర ఒక్కడే దారిలో ఎదురైతే, వాచిన మూతితో, "బాగున్నారా గుబురయ్యగారూ" అని పలకరిస్తాడు.

నీతి: ఏడు దాకా వచ్చినవాడు పెద్దమనిషి, పది దాకా వచ్చినవాడు మాజీ.