టపా బాబాయ్ కుడిచెయ్యి

కణాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో పరిశోధించే సంస్థకి ఈ ఏడాది ఉత్తమ సమన్వయ బహుమతి లభించిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. ఆ బహుమతి కప్పుని మేడ మీదికి మోసుకెళ్తుండగా టపా బాబాయ్ చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లింది. సొట్టపడిన వైపుని గోడకి తిప్పి పెట్టారు. బాబాయ్‌కి మెమో ఇచ్చారు.

టపా బాబాయ్ అంటే ఆ సంస్థ అటెండరు. ముప్ఫై ఏళ్ల సర్వీసు. కాగితాలు మోసీ మోసీ ఆయన అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేకుండా పోయింది. మేడ మీద ఎదురెదురుగా రెండు గదులు. ఒకదాంట్లో నరాల డాక్టరు, రెండోదాంట్లో తోడుకణాల డాక్టరమ్మ. మధ్య దూరం నాలుగడుగులు. ఫ్రిజ్‌లో పై అర ఎవరిదన్న విషయమై పదకొండేళ్ల కిందట మాటా మాటా పెరిగి, ఇద్దరూ మాటలు మానేసి ఉత్తరాల్లోకి దిగారు. ఉత్తరం అన్నాక కింద సెక్షన్లో నంబరు పడాలి కదా! అంచేత ఈ గదిలో బయల్దేరిన కాగితం ఇరవై రెండు మెట్లు దిగి, ముద్ర వేయించుకుని, మళ్లీ ఇరవై రెండు మెట్లు ఎక్కి ఎదుటి గదికి చేరుతుంది. కాగితానికి కాళ్లుండవు గనక, ఆ కాళ్లు బాబాయ్‌వి.

ఇద్దరి పరిశోధనా ఒకే జబ్బు మీద. కండరాలకి కదలమని చెప్పే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతుంటే, మనిషికి చెయ్యీ కాలూ గొంతూ వరసగా పడిపోయే జబ్బు. నరాల కణం తన లోపంతో తనే చస్తుందని డాక్టరు. కాదు, పక్కనుండి పోషించాల్సిన తోడుకణాలే విషం చిమ్మి చంపుతాయని డాక్టరమ్మ. కొన్ని కణాలైతే తమ దగ్గర పాడైపోయిన ప్రోటీన్‌ని చిన్న సంచిలో మూటగట్టి పక్కదానికి తోసేస్తాయట. అది పుచ్చుకున్న కణం తనూ పాడై, ఆ పక్కదానికి తోస్తుందట. ఈ సంగతి విని సంస్థలో ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు. ఫైళ్లతో వాళ్లు చేసే పనీ అదే.

వార్షిక సభలో డైరెక్టరుగారు గుండెలు కరిగేలా ఉపన్యసించారు. "ఇరుగు కణం పొరుగు కణంతో మనసు విప్పి మాట్లాడాలి! చిన్న పిలుపుని సైతం వినాలి! అప్పుడే ఆరోగ్యం!" చప్పట్లు మోగిపోయాయి. తెర మీద ఒక రోగి జబ్బ చూపించారు. చర్మం కింద పురుగు పాకినట్టు కండ అదురుతోంది. తెర పక్కనే మంచినీళ్ల ట్రే పట్టుకుని పొట్టిచేతుల చొక్కాలో నిలబడ్డ బాబాయ్ జబ్బ కూడా అచ్చం అలాగే అదురుతోంది. తొంభై మంది నిపుణులు తెర వైపే చూశారు. పాఠం వినేటప్పుడు చూపు పక్కకి పోకూడదు మరి.

క్రమంగా బాబాయ్ కాలు ఈడ్చడం మొదలుపెట్టాడు, టపా నత్తనడక పట్టింది. కావాలనే జవాబులు తొక్కిపెడుతున్నారని డాక్టరమ్మ మీద డాక్టరూ, డాక్టరు మీద డాక్టరమ్మా ఫిర్యాదులు రాసుకున్నారు. ఆలస్యం గురించిన ఆ ఫిర్యాదులు కూడా ఆలస్యంగానే అందాయి.

ఇంట్లో ఆవిడ మాత్రం ఊరుకోలేదు. ఆవిడ బట్టలు కుట్టే మనిషి. మొగుడు గుండీలు పెట్టుకోలేకపోతుంటే చొక్కాలన్నిటికీ టిచ్ బటన్లు కుట్టింది. అవీ నొక్కలేకపోయేసరికి ఆస్పత్రికి లాక్కెళ్లింది. అదే జబ్బని చెప్పారు. కొత్త మందొకటి పరీక్షలో ఉందనీ, పది మందిని తీసుకుంటున్నారనీ, ఒక్క ఖాళీయే మిగిలిందనీ, శుక్రవారం అయిదింటికి గడువనీ చెప్పారు. ఎక్కడంటే, బాబాయ్ పనిచేసే చోటే!

"మన ఆఫీసేనే! ఇంకేం భయం?" అని బాబాయ్ పొంగిపోయాడు. ఆవిడకి ఏడుపు ఆగలేదు.

శుక్రవారం పొద్దున్నే, ఇద్దరు డాక్టర్ల సంతకాలూ పడాల్సిన తన దరఖాస్తు తనే మోసుకుని మెట్లెక్కాడు. డాక్టరు తల ఎత్తకుండా సంతకం పెట్టి, "పాపం, ఈ రోగి పరిస్థితి విషమంగా ఉంది. త్వరగా చేర్పించు బాబాయ్" అన్నాడు. చిత్తమన్నాడు బాబాయ్. ఎదుటి తలుపు నాలుగడుగుల్లో కనిపిస్తూనే ఉంది. సాయంగా వచ్చిన భార్య, "అటే ఇచ్చెయ్యరాదూ?" అంది. "నంబరు లేకుండానా? బుద్ధుందా నీకు?" అని కసిరి, ఆవిడ భుజం పట్టుకుని మెట్లు దిగాడు. ఎక్కాడు. తన సంతకం పైన ఉండాల్సిందని డాక్టరమ్మ అభ్యంతరం రాసింది. దిగాడు. ఎక్కాడు. సర్దుబాటై కాగితం కింద సెక్షన్ సూపరింటెండెంటు బల్ల మీదికి చేరేసరికి నాలుగున్నర.

"దరఖాస్తుదారుడి సంతకం రికార్డులోదానితో కలవట్లేదే! అందులో గుండ్రంగా ఉంది, ఇది పాకుతోంది. సంతకం కుదిరాక రండి."

"చెయ్యి పడిపోతోందనే కదండీ దరఖాస్తు పెట్టింది!" అంది భార్య.

"అది వైద్యం సంగతమ్మా, మాది పరిపాలన. అయినా మేం మానవత్వం లేనివాళ్లం కాం. ఈ సంతకం ఈయనదేనని డాక్టర్లిద్దరూ కలిసి ఒక్క వాక్యం రాసిస్తే చాలు."

ఆవిడ మొగుణ్ణి దాదాపు ఎత్తుకున్నట్టే పైకి తెచ్చింది. వరండా మధ్యలో నిలబడి, ఆ మేడ మీద ఎవరూ చెయ్యని పని చేసింది. గొంతెత్తి అరిచింది.

"అయ్యా! అమ్మా! ఒక్కసారి బయటికి రండి! మీరు రాసుకుంటున్న ఆ జబ్బు ఈయనకే!"

రెండు తలుపులూ తెరుచుకున్నాయి. గడువుకి ఇంకా ఏడు నిమిషాలుంది. ఇద్దరూ బాబాయ్ ముఖంలోకి మొదటిసారి చూశారు. డాక్టరు ఆ ఎండిన అరచెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. డాక్టరమ్మ కళ్లు చెమర్చాయి. నరాల లోపం, పొరుగు విషం రెండూ కలిసే చంపుతాయేమో అని ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది. భార్య కాగితం చాపింది. డాక్టరు కలం మూత తీసి, పదకొండేళ్ల తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి మొదటి మాట మాట్లాడాడు.

"అయ్యయ్యో! మరి సోమవారం నుంచి మన టపా ఎవరు మోస్తారండీ?"

"నేనూ అదే ఆలోచిస్తున్నానండీ" అందావిడ.

పదకొండేళ్ల బాకీ మాటలు. ఒక పట్టాన తెమలవు. గోడ గడియారం అయిదు కొట్టింది. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో కల్పించుకోవడం మర్యాద కాదని బాబాయ్ చేతులు కట్టుకోబోయాడు, కుడిచెయ్యి లేవలేదు. ఊరికే నిలబడ్డాడు. అక్కడుంటే మీరూ ఊరికే నిలబడేవారు.